మంద బువ్వ

కోమల తయారుచేసిన యంత్రం చూడ్డానికి ఇడ్లీ పళ్ళెం కంటే పెద్దదేం కాదు. అందులో చిటికెడు బియ్యప్పొడి వేస్తే, అడుగున జిగురులో బతికే సూక్ష్మజీవులు దాన్ని రుచి చూస్తాయి. మట్టిలోంచి పట్టి తెచ్చి, చంటిపిల్లల్ని సాకినట్టు సాకి ఆమె చదువు చెప్పిన జీవులవి. ఆ గింజను కన్న వరిమొక్క ఏం తిని పెరిగిందో రంగు గీత గీసి చెబుతాయి. యూరియా తింటే తెలుపు. ఆకుల ఎరువు తింటే ఆకుపచ్చ. ఎముకల పొడో, కబేళా నెత్తురో తింటే ఎరుపు. గీత పడటానికి ఓ గుటక మింగినంత సేపు కూడా పట్టదు.

దానికి 'జాడ' అని పేరు పెట్టింది దామోదరం గారు. ఆయన అమలాన్నం సంస్థ యజమాని. పురుగుమందు సోకని బియ్యాన్ని పాలమూరు పల్లెల్లో కొని, హైదరాబాదులో శాకాహారుల ఇళ్ళకూ పెళ్ళిళ్ళకూ అమ్ముతారు. మామూలు బియ్యానికి మూడింతల ధర. అంత పెట్టి కొనేవాళ్ళు ఊరుకుంటారా? ఒక పెళ్ళిపందిట్లో పెద్దావిడ ఆయన్ని నిలేసింది. "మీ చేలకు ఎముకల పొడి చల్లుతారటగా నాయనా, మరి మేం తిన్నది అన్నమా, బొమికల పులుసా?" ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. మనిషి చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. రోడ్డు మీద కోళ్ళ బండి ఎదురైతే కళ్ళు మూసుకునే రకం. మర్నాడే సంస్థ ల్యాబ్‌కు వచ్చి, "అన్నం అబద్ధమాడకూడదమ్మా కోమలా, ఆ ఒక్కటీ నాకు చేసిపెట్టు," అన్నారు.

చేసిపెట్టింది. తొలి పరీక్షలోనే ఎర్రగీత పడ్డ రెండు లారీల బియ్యం వచ్చిన దారిన వెనక్కి పోయాయి. ల్యాబంతా చప్పట్లు. దామోదరం గారు మిఠాయి డబ్బా తెచ్చి స్వయంగా పంచారు. పంచుతూ పంచుతూ పళ్ళెం మీదికి వంగి ఇంకో ప్రశ్న వేశారు.

"ఈ పసుపు గీతేమిటి?"

"పేడండీ. పశువుల ఎరువు."

"ఏ పశువు?"

అక్కడ ఆమె 'పేడకు ఊరూ పేరూ ఏమిటి సార్' అని నవ్వేసి ఉంటే ఈ కథ లేదు. కానీ తన పని మీద తనకే ముద్దొచ్చినప్పుడు మనిషి నోరు ఊరుకోదు. "కావాలంటే విడదీయొచ్చండీ," అంది. "ఆవుది వేరు, గొర్రెది వేరు. నేర్పితే పట్టేస్తాయి."

ఆయన చేతిలో మిఠాయి చేతిలోనే ఉండిపోయింది.

"గొర్రెను దేనికి పెంచుతారమ్మా?"

"ఉన్నికండీ... ఎరువుకు..." అంది కోమల.

"ఉన్ని ఈ రోజుల్లో ఎవరు కొంటున్నారు? కొయ్యడానికే పెంచుతారు. శాకాహారివి, నీకు నేను చెప్పాలా! నగరంలో వాడెవడో మటన్ కొంటేనే ఆ మంద బతుకుతుంది. ఆ మంద పెంటతో మన చేను పండుతోంది. అంటే మాంసం తినేవాడి పుణ్యాన మనం శాకాహారులం అవుతున్నాం. ఇది రేపు బయటపడితే మన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆ మాటలో తప్పెక్కడుందో కోమల ఎంత వెతికినా దొరకలేదు. నిజానికి తప్పు లేదు. మటన్ తినేవాడు మందను బతికిస్తాడు, మంద మడిని బతికిస్తుంది, మడి శాకాహారిని బతికిస్తుంది. దామోదరం గారు ఆ గొలుసును సరిగ్గానే చూశారు. చూసి, మొక్కాల్సిన చోట సిగ్గుపడ్డారు. ఇకమీద రైతులు ఆవుపేడ ఒక్కటే వాడాలన్నారు. అది మన గోశాల నుంచే సంచుల్లో వెళుతుందన్నారు. నాలుగు వడ్లకు దొరికే పెంటికలు మానేసి రైతు పేడ కొనుక్కోవాలన్న మాట. ఆ గోశాలలో పుట్టిన కోడెదూడలు ఎటు పోతున్నాయో మాత్రం జాడ చెప్పదు. దాన్ని ఎవరైనా అడిగితే కదా.

శాకాహారివి అన్నారు చూడండి, ఆ సంగతి చెప్పాలి. బడిలో వేసినప్పుడు ఆమె పేరు కొమురవ్వ. పదో తరగతి నాటికి ఒక మాస్టారు దాన్ని కోమల చేశారు. తండ్రి బీరయ్య కురుమ. గొర్రెల కాపరి. తల్లి చిన్నప్పుడే పోతే పిల్లను హాస్టల్లో వేసి, మంద వెంట తిరిగి చదివించాడు. అమలాన్నంలో చేరిన రోజు భోజనాల దగ్గర ఎవరో "మీరు వెజ్జేగా?" అన్నారు. ఆమె తలూపింది. అబద్ధం ఆడను కూడా లేదు, తలూపిందంతే. ఆ తలూపుడు మీద సంస్థ వాళ్ళ క్వార్టర్ వచ్చింది, పక్కింటి వాళ్ళతో పేరంటాలు వచ్చాయి, ఆరేళ్ళు గడిచిపోయాయి.

ఒకసారి బీరయ్య పొట్టేలు కూర టిఫిన్ డబ్బాలో పట్టుకుని క్వార్టర్స్ గేటు దాకా వచ్చాడు. ఆమె పరుగున ఎదురెళ్ళి, "బయట తిందాం నాయినా, గాలి తగుల్తది," అని బస్‌స్టాపుకు తీసుకుపోయింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని తిన్నారు. తిన్నాక ఆయన అక్కడి నల్లా కింద డబ్బాను తోమాడు, మళ్ళీ తోమాడు, వాసన చూశాడు. "ఇగ రాదు తియ్యి వాసన," అని నవ్వి బస్సెక్కాడు. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పట్నం రాలేదు. అర్థం చేసుకున్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది.

జీవులకు గొర్రెను నేర్పాలంటే గొర్రె పెంటికలు కావాలి. సంతలో దొరకవా అంటే దొరుకుతాయి. కానీ ఏ మందదో, ఏం మేసిందో, ఏ మందులు పడ్డాయో తెలియని సరుకుతో చదువు సరిగా అబ్బదు. తెలిసిన మంద ఒక్కటే ఉంది.

ఎండాకాలం ఆరంభంలో ఒక పొద్దున ఆమె కృష్ణ ఒడ్డున జంగారెడ్డి అనే రైతు మళ్ళకు వెళ్ళింది. అది ఆమె పుట్టిన ఊరు కాదు. బీరయ్య ఏటా మందను తోలుకొచ్చే ఊరు. ఆయన తాత నాటి నుంచీ ఆ ఇంటికీ ఈ మందకూ పొత్తు. ఆ వైపు ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. కోత అయిపోయిన మడిలో చుట్టూ వల కట్టి కాపరి మందను పడుకోబెడతాడు. అందుకు రైతు వడ్లు ఇస్తాడు, అది మామూలే. అసలు మర్యాద వేరు. ఆ మడి మళ్ళీ పండి, కొత్త బియ్యం పొయ్యి మీదికెక్కిన నాడు ఇంటివాళ్ళ కంటే ముందు కాపరి తినాలి. ఎక్కడున్నా కబురుపెట్టి పిలుస్తారు. ఆయన తిని చెయ్యి కడిగాకే ఇల్లు తింటుంది. దాన్ని మంద బువ్వ అంటారు. కోమల చిన్నప్పుడు హాస్టల్‌కు ఆ బువ్వ గొంగడి కొంగున మూటై వచ్చేది. ఎండిపోయి పలుకుపలుకుగా ఉండేది. దాని ముందు హాస్టల్ అన్నం చప్పగా అనిపించేది.

వల విప్పుతున్న బీరయ్య బిడ్డను చూసి చేతిలో పని వదిలేశాడు.

"ఇంత పొద్దుగాల్ల వచ్చినవ్, పాణం మంచిదేనా బిడ్డా?"

"మంచిదే నాయినా. గొర్ల పెంటికలు కావాలె. ఒక సంచెడు."

"గవెందుకే నీకు?"

నోటిదాకా నిజమే వచ్చింది. అక్కడ ఆగి, తిరిగి, ఇంకోటై బయటపడింది. "మందుకు నాయినా. నీలినాలుక రోగం ఉంది గదా, దానికి మందు చేస్తున్నం."

బీరయ్య మొహం వెలిగిపోయింది. పోయిన వానాకాలం ఆ రోగానికి కళ్ళముందే గొర్రెలు నోళ్ళు వాచి, మేత ముట్టక పోయాయి. "నా బిడ్డ గొర్లకు మందు చేస్తదా!" అని మందకే చెప్పాడు, మనుషులెవరూ లేరు కాబట్టి. సంచి ఆమె చేతిలోంచి లాక్కుని తనే ఏరాడు. తడివి పక్కకు తోశాడు, మట్టి అంటినవి దులిపాడు, నల్లగా నిగనిగలాడేవి చూసి చూసి వేశాడు. "నల్లబొట్టు గొర్రెవి ఇవి, మంచి ఆరోగ్యం దానికి. గివి సూలు గొర్రెవి, యాదుంచుకో." గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఇక్కడ గొర్రెలు కాసేవాడు కన్నకూతుర్ని నమ్మాడు. సంచి భుజాన వేసుకుని బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఆ పెంటికలతో జీవులు ఎంత బాగా నేర్చుకున్నాయంటే, పసుపు గీత పక్కన ముదురు గోధుమరంగు గీత ఒకటి కత్తితో గీసినట్టు పడేది. ల్యాబ్‌లో మళ్ళీ చప్పట్లు కొట్టారు. కోమల కూడా కొట్టింది.

దసరా వెళ్ళాక సంస్థ కొత్త కట్టుబాటు ఊరూరా చాటించారు. గోధుమరంగు గీత పడ్డ బియ్యం కొనరు. ఆ రైతుతో ఇక పొత్తు లేదు. కొత్త బియ్యం వచ్చాక దామోదరం గారు స్వయంగా ఊళ్ళు తిరిగి అందరి ముందూ పరీక్ష చేయిస్తానన్నారు. దాచుకోవడానికేముంది, అన్నం అబద్ధమాడకూడదు కదా. మొదటి ఊరుగా జంగారెడ్డి ఊరు పడింది. వేరే ఊరితో మొదలుపెడదామని కోమల ఒకటికి రెండుసార్లు చెప్పి చూసింది. ఎందుకని ఆయన అడిగితే పళ్ళెం తుడుస్తూ మాట మార్చింది.

జంగారెడ్డి ఇంటి ముందు చాందినీ కట్టి, బల్ల వేసి, దాని మీద జాడను పెట్టారు. ఊరి రైతులంతా చేరారు. అందరూ అమలాన్నానికి అమ్మేవాళ్ళే. లోపల పొయ్యి మీద కొత్త బియ్యం ఉడుకుతున్న వాసన వస్తోంది. అరుగు చివర గొంగడి మడిచి వేసుకుని బీరయ్య కూర్చుని ఉన్నాడు. మంద బువ్వకు పిలిచారు, వచ్చాడు. ఇంకెప్పుడు వస్తాడు!

కోమలను చూసి లేవబోయాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

జంగారెడ్డి దోసెడు బియ్యం తెచ్చి ఇచ్చాడు. పొడి చేసి పళ్ళెంలో వేసింది. గీత పడింది. ముదురు గోధుమరంగు. ఎక్కడ తేలిపోతుందోనన్న భయం కూడా లేని గీత.

"గొర్రె," అన్నారు దామోదరం గారు, నిజంగానే బాధపడుతూ.

జంగారెడ్డి మొహంలో నెత్తురు లేదు. "సార్, గీ కట్టుబాటు తెల్వకముందే మంద పెట్టిచ్చిన. ఇగ మీద పెట్టియ్య. భూమిల పడ్డదాన్ని ఎట్ల తియ్యమంటరు? మా పెద్దలకాడికెళ్ళి గీ మందనే పడుకుంటది మా మళ్ళల్ల."

"మట్టి మరిచిపోయేదాకా ఆగాల్సిందే. నా చేతిలో ఏముంది? అది యంత్రం చెప్పే మాట."

"గా డబ్బకెట్ల ఎరుకైతది సార్, ఆవుదేదో గొర్రెదేదో?" అని వెనకనుంచి ఒక రైతు అడిగాడు.

"మా కోమల మేడం నేర్పారు. వందల పెంటికలు తెచ్చి నేర్పారు."

అందరి కళ్ళూ ఆమె మీద పడ్డాయి. జంగారెడ్డి భార్య అనసూయమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మేడం, మీకు గొర్లు గింత మంచిగెట్ల ఎరుక? గొర్లున్న ఇంటోళ్ళా?"

చిన్న ప్రశ్న. అవునంటే చాలు. అలా అంటే క్వార్టరూ ఉద్యోగమూ పోతాయేమో, పోతే పోయేవి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆగింది. "లేదండీ," అంది కోమల. "మాకు గొర్రెల గురించి ఏమీ తెలియదు. ల్యాబ్‌లో చూడటమే."

చెబుతున్నప్పుడు తన గొంతు తనకే ఎంత శుభ్రంగా వినిపించిందో ఆమె తర్వాత చాలాకాలం మర్చిపోలేకపోయింది.

అనసూయమ్మ ఊరుకోలేదు. "మా బీరయ్య బిడ్డ సుత గిట్లనే పెద్ద సదువు సదివింది. గిట్లనే ల్యాబుల ఉంటదట. ఏం బీరయ్యా, మేడంకు ఎరుకుంటదేమో అడుగు."

బీరయ్య లేచి నిలబడ్డాడు. బల్ల మీది పళ్ళెం వైపు చూశాడు, గీత వైపు చూశాడు. వందల పెంటికలు అన్న మాట ఆయన చెవిన పడింది. తను ఏరి ఇచ్చినవి ఏ మందుకు పోయాయో ఆ క్షణాన తెలిసిపోయిందని ఆయన కళ్ళలో కనిపించింది.

"ఈ మేడం ఏడ, మా పిల్ల ఏడ పటేలమ్మా," అన్నాడు. "ఆళ్ళు పెద్ద సదువులోళ్ళు, ఆళ్ళకు గొర్ల ముచ్చట ఎందుకెరుకైతది? మా పిల్ల వేరే. మా పిల్ల గొర్లకు మందు చేస్తది."

ఎవరో అయ్యో పాపం అన్నట్టు నవ్వారు. బీరయ్య కూడా నవ్వాడు.

మంద బువ్వ పెట్టాలా వద్దా అని ఇంట్లో గుసగుసలు నడిచాయి. పంట అమ్ముడుపోకపోవడానికి కారణమైన మందకు పంట బువ్వ పెట్టడమేమిటని జంగారెడ్డి తమ్ముడు. అనసూయమ్మ ఆ మాట వినలేదు. విస్తరి వేసి, పొగలు కక్కే అన్నం మీద పప్పు పోసి బీరయ్య ముందు పెట్టింది. కానీ ఆమె కూడా ఎప్పటిలా ఎదురుగా కూర్చోలేదు. పెట్టి లోపలికి పోయింది. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలిపి విస్తట్లోనే వదిలేశాడు.

అతిథులకు కూడా మర్యాదగా విస్తళ్ళు వేశారు. దామోదరం గారు చేతులు జోడించి ఏమీ అనుకోవద్దన్నారు. అనసూయమ్మ కోమల దగ్గరకు వచ్చి ఆగింది.

"మీరు సుత తినరా మేడం? ఒక్క బుక్క."

చిన్నప్పుడు గొంగడి కొంగులోంచి తిన్న వాసనే అది. నోట్లో నీళ్ళూరాయి, కళ్ళలోనూ ఊరాయి. దామోదరం గారు చూస్తున్నారు.

"నేను అవి తినను," అంది, విస్తట్లో మాంసం పెట్టినట్టు.

అరుగు మీద బీరయ్య చెయ్యి కడుక్కుని, గొంగడి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు తినవచ్చన్నట్టు లోపల గిన్నెల చప్పుడు మొదలైంది.

తర్వాత జరిగినది ఎవరైనా ఊహించగలిగిందే. ఒక ఊళ్ళో గీత పడితే పది ఊళ్ళు భయపడ్డాయి. మళ్ళలోకి మందను రానిచ్చేవాళ్ళు లేరు. పడుకోబెట్టడానికి నేల లేకపోతే మేపడానికీ నేల ఉండదు. ఎండాకాలం కాపరి కడుపు నిండేది రైతు ఇచ్చే వడ్లతోనే. ఈ దెబ్బ ఒక్క బీరయ్యకే తగల్లేదు, దారి పొడుగునా మందలు తగ్గిపోయాయి. నగరంలో మాత్రం అమలాన్నం సంచి మీద కొత్త ముద్ర పడింది. 'ఏ జీవి మరణంతోనూ సంబంధం లేని అన్నం.' ధర ఇంకాస్త పెరిగింది.

కోమల చలికాలం చివర ఊరికి వెళ్ళింది. సెలవు పెట్టడానికి కూడా అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఇంటి పక్క దొడ్డి ఖాళీగా ఉంది. తలుపు తీసే ఉంది, మూయాల్సిన అవసరం లేక. బీరయ్య వాకిట్లో కూర్చుని వలను మడతలు పెడుతున్నాడు.

"పొట్టేళ్ళనే అమ్మినవా నాయినా?"

"పొట్టేళ్ళను ఎప్పుడూ అమ్ముతనే ఉంటి గదా. మొత్తం అమ్మిన."

"తల్లిగొర్లు?"

ఆ ఇంట్లో ఈనే గొర్రెను కోతకు ఇచ్చిన రోజు ఎన్నడూ లేదు. ముసలిదై పోయేదాకా మందలోనే ఉండేది. ఇప్పుడు సాకేవాడు ఎవడూ కొనలేదు, కోసేవాడే కొన్నాడు. సూలుతో ఉన్నవి కూడా పోయాయి. ఏ జీవి మరణంతోనూ సంబంధం లేని అన్నం కోసం ఒక్క వారంలో మందంతా పోయింది.

"నల్లబొట్టుది?"

"అన్నీ అన్నగద బిడ్డా."

ఆయన వలకు ఇంకో మడత వేశాడు. తర్వాత ఆయన లేచి లోపలికి పోయి ఒక సంచి తెచ్చాడు. పాతదే, ఆమె ఇచ్చిన సంచే. మూతికి పురికొస కట్టి ఉంది. పట్టి చూస్తే తేలిగ్గా, ఎండిన పెంటికల గలగల వినిపించింది.

"అమ్మే ముందుగాల ఏరి పెట్టిన. నీకు కావాల్నంటె ఇగ యాడ దొర్కుతయి? మంచిగ ఎండవెట్టిన, బూజు పట్టదు."

కోమల సంచిని చేతుల్లోకి తీసుకోలేకపోయింది. "నాయినా, ఇవి దేనికో నీకెరుక. ఆ దినం ఆడ అంతా ఇన్నవ్."

"ఇన్న."

"మరెందుకు ఏరినవ్? నేను మందని అబద్ధం చెప్పిన. నిన్ను ఎవరో అన్నట్టు..." కొట్టినా బాగుండేదనిపించింది, తిట్టినా బాగుండేది.

బీరయ్య సంచి మూతి మరోసారి బిగించాడు. "మందుకని అడిగినవ్, మందుకని ఇచ్చిన. నేనైతే మందే అనుకుంటున్న బిడ్డా. నువ్వేం చేసినవో నాకు చెప్పకు." చేతిలో పెట్టాడు. "నన్ను గట్లనే అనుకోనియ్యి."

బస్సు దాకా వస్తాడనుకుంది. రాలేదు. వల మడత పెట్టడం ఇంకా మిగిలి ఉంది.

ల్యాబ్‌లో ఆ సంచి ఆమె బల్ల కింద ఉంది. పొద్దున దామోదరం గారు అటుగా వెళుతూ ముక్కు ఎగబీల్చారు. "ఏమిటమ్మా ఈ వాసన? ఇంకా ఈ పరీక్షలు చేస్తున్నావా? ఇది ఏ మందది?"

ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అప్పుడు వచ్చింది. "మా నాన్న మందదండీ," అంది కోమల. "మేం కురుమలం. మాంసం తింటాం. నాన్న మంద ఇప్పుడు లేదు."

గదిలో పనులు ఆగిపోయాయి. దామోదరం గారు రుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు. ఆయన ఆ సంచిని ముట్టుకోలేదు. తర్వాత మాట్లాడదామని చెప్పి వెళ్ళిపోయారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు తెలుసు. చిత్రంగా, దాని గురించి భయం వేయలేదు. భయపడాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది, ఒక అరుగు ముందు, ఒక విస్తరి పక్కన. ఇప్పుడు చెప్పిన నిజం ఒక్క గొర్రెను కూడా వెనక్కి తేలేదు.

ఆమె పురికొస విప్పింది. ఒక పెంటికను తీసి, నలిపి, పళ్ళెంలో వేసింది. ఎందుకు వేసిందో తనకే తెలియదు. ముదురు గోధుమరంగు గీత పడింది.

జాడ ఆ మందను వెంటనే గుర్తుపట్టింది. తెలియదని అనలేదు.